సెలైన్ మోతాదుకు అల్ట్రాసౌండ్ సాయం

భద్రాచలం: చర్ల, దుమ్ముగూడెం అడవి పల్లెల నుంచి, అవతల ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు నుంచి కూడా ప్రాణం మీదికి వచ్చిన జ్వరపీడితులను తీసుకొచ్చేది ఎక్కువగా భద్రాచలానికే. బంధువులు ముందుగా అడిగేది సెలైన్.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకినవారికి అది ప్రాణాధారమే. ముదిరిన మలేరియాలో మాత్రం మోతాదు మించితే నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఊపిరాడదు. ఉగాండా, కెన్యా, టాంజానియాలలో తీవ్రజ్వరం పిల్లలపై జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. వారిలో సగానికి పైగా మలేరియా రోగులే, విరేచనాలవారిని చేర్చలేదు. ద్రవం వేగంగా ఎక్కించినవారిలో 48 గంటల్లో 10.5 శాతం, అలా ఎక్కించనివారిలో 7.3 శాతం మరణించారు.

ఎవరికి ఎంత ఎక్కించాలో నాడి పట్టి, రక్తపోటు చూసి తేల్చడం కష్టం. గర్భిణులకు వాడే అల్ట్రాసౌండ్ యంత్రమే ఇక్కడ అక్కరకు వస్తుంది. గుండెకు రక్తం చేర్చే పెద్ద సిర ఊపిరి తీసినప్పుడల్లా ముడుచుకుపోతుంటే నీరు తగ్గి ఉండవచ్చు. ఉబ్బి కదలకుంటే సీసా ఆపి ఆలోచించాలి. ఊపిరితిత్తుల్లో నీరుంటే తెరపై తెల్లని చారలు కనిపిస్తాయి. సిర ఒక్కటే చూసి తీర్పు చెప్పరాదు; గుండె జబ్బువారిలో అది దారి తప్పిస్తుంది.

యంత్రాన్ని ఇష్టం వచ్చిన చోటికి తిప్పడానికి 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ఒప్పదు. ఆడశిశువుల రక్షణకు ఆ కట్టుబాటు ఉండవలసిందే. కాని పగలు తెరిచే స్కానింగు గది అర్ధరాత్రి వచ్చే రోగికి ఏం ఆదుకుంటుంది? అత్యవసర వార్డులో వాడేందుకే ఒక యంత్రాన్ని రిజిస్టరు చేయించి, రాత్రి డ్యూటీ డాక్టర్లకు చట్టప్రకారం శిక్షణ ఇప్పించడానికి అడ్డేమీ లేదు.