ఉండేవాళ్లను అడగకుండా హాస్టలా?

అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం పెట్టాలని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాసుకున్నారు. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది మాత్రం 1981లో. 44 ఏళ్లు! చదువు వచ్చింది సరే, తలదాచుకునే చోటు మాటేమిటి?

ధర్మవరంలో మగ్గం మీద బతికే ఇంటి పిల్ల, పెనుకొండ వేరుశనగ రైతు కొడుకు, హిందూపురం కూలీ బిడ్డ పీజీలో చేరాలంటే సీటుతో పాటు అడిగేది హాస్టల్ గురించే. గది దొరక్కపోతే బయట అద్దె. అద్దె కట్టలేకపోతే చదువే బంద్.

మరి హాస్టల్ కట్టేదెట్లా? ప్లాను గీసేది ఇంజనీరు, సంతకం పెట్టేది అధికారి, రిబ్బను కత్తిరించేది మంత్రి. అందులో ఉండబోయే విద్యార్థిని అడిగేదెవరు? ఎంతమందికి ఎన్ని బాత్‌రూములు కావాలి, ఎండాకాలం నీళ్లెట్లా, మెస్ బిల్లు నెలకెంత పడితే ఇల్లు తట్టుకుంటుంది, రాత్రి లైబ్రరీ నుంచి ఆడపిల్ల ఏ దారిన రావాలి? ఇవన్నీ తెలిసింది వాళ్లకే కదా!

విద్యార్థి సంఘాలకు ఎన్నికలు జరపాలని 2006లోనే లింగ్డో కమిటీ చెప్పింది. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అది కాగితం మీదే మిగిలింది. ఎన్నికైన ప్రతినిధి లేనిచోట అడిగే నోరేది?

2018లో మొదలైన కేంద్రీయ విశ్వవిద్యాలయానికి జంతలూరు వద్ద స్థలమిచ్చారు. అక్కడైనా, ఎస్కేయూలోనైనా ఇకపై కట్టే ప్రతి హాస్టల్ ప్లాను కమిటీలో విద్యార్థులుండాలి. అందులో సగం ఆడపిల్లలే కావాలి. అద్దె, మెస్ లెక్కలు వాళ్ల ముందు పెట్టాలి. ఇది దయ కాదు, హక్కు. పునాది రాయి పడకముందే అడుగుదాం!