పిల్లి తుమ్మితే శకునం చూడకండి

పిల్లి ఎదురొస్తే అపశకునమని కొందరంటారు. బయలుదేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే కాసేపు ఆగమంటారు. మరి పిల్లే తుమ్మితే? అప్పుడు శకునం చూడనక్కర లేదు, పిల్లిని చూడాలి. దానికి జలుబు చేసి ఉండవచ్చు.

పిల్లుల జలుబుల్లో ఎక్కువ భాగం రెండు వైరస్‌ల పనే. ఒకటి పిల్లుల హెర్పిస్ వైరస్, రెండోది కాలిసి వైరస్. ఇవి సోకితే ముక్కు కారుతుంది, కళ్ళు పుసులు కడతాయి, ఒక్కోసారి నాలుక మీద పుండ్లు పడతాయి. పిల్లి వాసన చూసి గాని తిండి ముట్టదు. ముక్కు మూసుకుపోతే తినడమే మానేస్తుంది. అలా కొద్ది రోజులు పస్తుంటే దాని కాలేయం దెబ్బతినవచ్చు.

హెర్పిస్ వైరస్‌కు మరో గుణం ఉంది. జబ్బు తగ్గినా అది ఒంట్లోంచి పోదు, నరాలలో దాగి ఉంటుంది. పిల్లి బెదిరినప్పుడు, చోటు మారినప్పుడు మళ్ళీ మేలుకుంటుంది. సుమారు వారం తర్వాత ముక్కు నీటిలో, కంటి నీటిలో బయటికి వస్తుంది.

ఇప్పుడు హైదరాబాదులోని హైటెక్ సిటీని తీసుకోండి. అక్కడ 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలలో కార్యాలయాలూ, వాటి వెంట అపార్టుమెంట్లూ లేచాయి. ఫ్లాటులో పెంచుకోవడానికి పిల్లి అనువైన జంతువు. కాని సంక్రాంతి వస్తే ఇక్కడి కుటుంబాలు ఎన్నో సొంత ఊళ్ళకు బయలుదేరతాయి. డబ్బు తీసుకుని పెంపుడు జంతువులను చూసుకునే చోట పిల్లిని దింపి పోయేవారున్నారు. అక్కడ కొత్త వాసనలు, కుక్కల అరుపులు, పదిళ్ళ పిల్లులు. దాగి ఉన్న వైరస్ మేలుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? తుమ్మిన పిల్లి తుంపరలు మీటరు దాకా పోతాయి. కాలిసి వైరస్ గిన్నెల మీద, గుడ్డల మీద కొన్ని వారాలు కూడా నిలవగలదు. పండుగ అయ్యాక పిల్లి తుమ్ముతుంటే చలిగాలి తగిలిందనుకుంటాం. మనం చేసిన ఏర్పాటును మాత్రం తలచుకోము.

పిల్లిని దాని ఇంట్లోనే ఉంచి, ఊరెళ్ళని పొరుగువారికి తాళం చెవి ఇచ్చి, పూటపూటా తిండీ నీళ్ళూ పెట్టించడం మేలని నా అభిప్రాయం. అపార్టుమెంటు సంఘాలు తలచుకుంటే ఇది కష్టం కాదు. తప్పనిసరై ఎక్కడైనా వదలవలసి వస్తే, టీకాలు వేసిన పిల్లులనే చేర్చుకునే చోటు వెతకాలి.

"వీధి పిల్లులకు టీకాలెవరు వేస్తున్నారు? అవి బతకడం లేదా?" అని కొందరు అడుగుతారు. మనకు కనిపించేవి బతికినవి మాత్రమే. జబ్బుతో పోయిన కూనలు మన లెక్కలోకి రావు. 6 నుంచి 8 వారాల వయసులో టీకా మొదలుపెట్టి, 16 వారాలు నిండే దాకా 3, 4 వారాలకొకసారి వేయిస్తారు. టీకా వేసినా జలుబు రావచ్చు, కాని తీవ్రత బాగా తగ్గుతుంది.

ఇంకొక ప్రమాదం మన మందుల పెట్టెలోనే ఉంది. జ్వరానికి మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి. దాన్ని విరిచి హాని లేకుండా చేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. దానివల్ల రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. కర్పూరం కలిసిన బామ్ కూడా రాయకూడదు, పిల్లి దాన్ని నాకి మింగుతుంది. వైద్యం పశువైద్యుడే చేయాలి.

పిల్లుల హెర్పిస్, కాలిసి వైరస్‌లు మనకు సోకవు. అయితే మన జబ్బు వాటికి సోకిన సందర్భం ఉంది. 2021 మే నెలలో మన నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 8 ఆసియా సింహాలకు కరోనా సోకినట్లు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. సింహం కూడా పిల్లి కుటుంబంలోదే. వాటిని వేరుగా ఉంచి చికిత్స చేశారు, అవి కోలుకున్నాయి. పెంపుడు పిల్లులకూ మనుషుల నుంచి కరోనా సోకినట్లు పలు దేశాల్లో తేలింది. కనుక ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉంటే పిల్లిని ఒళ్ళో పెట్టుకోకుండా ఉండటం మంచిది.

మీ ఇంట్లో పిల్లి ఉంటే దాని టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. లేకపోతే పండుగ ప్రయాణానికి టికెట్లు కొనకముందే ఆ సంగతి అమ్మానాన్నలకు గుర్తు చేయండి.