పాట విందుము, మాట విందుమా?

బెంగళూరు నగరమున శ్రీరామనవమి పానకముతోను, కోసంబరితోను ముగియదు. ఆ పండుగనాట మొదలై వారములకొలది సాగు సంగీత కచ్చేరీలే ఇచ్చటి వారికి అసలు పండుగ. చామరాజపేటలో 1939లో ఆరంభమైన శ్రీ రామసేవా మండలి ఉత్సవములు, ఫోర్ట్ హైస్కూలు మైదానపు పందిరి, ఎరుగని సంగీతప్రియుడు దక్షిణదేశమున అరుదు. ఆ వేదికపై పాడువారిలో పెక్కుమందికి మాతృభాష తమిళమో, కన్నడమో, మలయాళమో. ఎదుట కూర్చుండి తల యూచువారిలో ఎక్కువమంది కన్నడిగులు. పాట మాత్రము చాలవరకు తెలుగు. త్యాగరాజస్వామి (1767-1847) కావేరీతీరమున, తమిళుల నడుమ నివసించి తెలుగున పాడుటచే మనకు కలిగిన భాగ్యమిది.

ఈ భాగ్యమును తలచుకొని మురియుట సులభము. కాని యొక ప్రశ్న వేసికొందము. సంగీత తరగతిలో కన్నడ బాలిక యొకతె ప్రక్కనున్న తెలుగు బాలిక వైపు తిరిగి, "ఈ చరణమునకు అర్థమేమి? ఇది మీ భాషయే కదా!" అని అడిగినచో, మన బిడ్డ ఏమి చెప్పును? చెప్పగలిగినచో ఆ క్షణమున ఆమె తరగతికంతకు గురువు. చెప్పలేనిచో ఆ భాష ఆమెది యనుటకు గుర్తు హాజరుపట్టీలోని తెలుగు పేరు మాత్రమే. వీధిలో కన్నడము, కొలువులో ఇంగ్లీషు వ్యవహరించు ఊరిలో తెలుగునకు మిగిలిన తావులు మూడు: ఇల్లు, ఈ బడి, పాట. ఈ మూడవ తావును గూర్చియే నా మనవి.

నేను విద్వాంసుడను గాను. వినుట యను వ్యసనము కలవాడను. పాత రికార్డులను, కచ్చేరీలలో పట్టిన ధ్వనిముద్రణలను, నిన్న మొన్న వెలువడిన క్రొత్త పాటలను సమానమైన ఆసక్తితో వినుచుందును. పాతది గొప్పదా, క్రొత్తది గొప్పదా యను తగవు నాకు పట్టదు. మూడింటికిని నేను పెట్టు పరీక్ష ఒక్కటే: పాట ముగిసిన పిమ్మట మాట మన యొద్ద నిలిచినదా?

ముందు పాత రికార్డుల మాట చెప్పుదును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన పాటలు మన దేశపు తొలి గ్రామఫోను ముద్రణలలో చేరినవి. ఆమె తుదకు మైసూరు ఆస్థానమును చేరి, 1930లో ఆ నగరముననే కన్నుమూసినది. మన ఊరి పేరునే ఇంటిపేరుగా ధరించిన బెంగళూరు నాగరత్నమ్మ గారును ఆ తొలి తరములోనే రికార్డులిచ్చిరి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి ఆలయము కట్టించిన పుణ్యము ఆమెది. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ నల్లని పలక యొక్క ఒక వైపున పట్టునది సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే. విద్యుత్తుతో ధ్వనిని పట్టు పద్ధతి 1925 ప్రాంతమున వచ్చువరకు, గాయకులు పెద్ద కొమ్మువంటి గొట్టము నోట గట్టిగా పాడవలసి వచ్చెడిది. కాలము తక్కువ, యంత్రము మందము. కావున ప్రతి యక్షరమును విడదీసి పలికినగాని వినువానికి చేరదు. ఆ యిబ్బందియే వారి ఉచ్చారణకు సాన పట్టినది.

1948లో అమెరికాలో వెలువడిన పెద్ద రికార్డు ఒక్కొక్క వైపున ఇరువది నిమిషములకు పైగా చోటిచ్చెను. అది మన దేశమునకు వచ్చిన తరువాతి సంపదలో రెంటిని విద్యార్థులు తప్పక వినవలెను. ఒకటి, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పాడిన భద్రాచల రామదాసు కీర్తనలు. గోదావరి మండలమున శంకరగుప్తమున పుట్టిన ఆ గాయకుని నోట తెలుగు మాట ముత్యమువలె రాలును. రెండవది, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు తిరుమల తిరుపతి దేవస్థానము వారి కొరకు 1980 ప్రాంతమున పాడిన ఐదు రికార్డుల బాలాజీ పంచరత్నమాల. మధురలో పుట్టిన తమిళ గాయని, అప్పటికే లోకప్రసిద్ధురాలు, అరువదేండ్ల వయస్సు దాటినది. అన్నమాచార్య సంకీర్తనలను నేదునూరి కృష్ణమూర్తిగారి వంటి విద్వాంసుని యొద్ద పాఠము చెప్పించుకొని పాడినది. పరభాషను నేర్చి పాడుటకు ఆమెకు అరువదేండ్లు అడ్డు రాలేదు. సొంత భాషను వినుటకు మనకు పదునాలుగేండ్లు అడ్డు వచ్చునా?

ఇక కచ్చేరీలలో పట్టిన ముద్రణలు. వీనిలో దగ్గులుండును, చప్పట్లుండును, తంబుర శ్రుతి సరిచూచుకొను చప్పుడుండును. కొందరు వీనిని లోపములందురు, నాకవి ప్రాణములు. రికార్డు ముగిసిన నిర్ణయము వంటిది. కచ్చేరి సాగుచున్న ఆలోచన వంటిది. ముఖ్యముగా నెరవల్ వచ్చినప్పుడు గమనింపుడు. గాయకుడు సాహిత్యములోని ఒక్క పాదమును చేపట్టి, మాటలు మార్చక, వానిని తిరిగి తిరిగి క్రొత్త స్వరములతో నింపును. అర్థమెరిగి పాడువాడెవడో, అక్షరములు మాత్రమే ఎరిగినవాడెవడో అప్పుడు తేలిపోవును. "కమలము" అను మాటలోని తొలి యక్షరముకడ ఊపిరి తీసికొని, తక్కిన భాగమును తాళముపై సాగదీసిన గాయకుని ఊహించుకొనుడు! తెలుగు తెలిసినవారు చెవులు మూసికొందురు. తెలియనివారు "ఆహా" యందురు. ఆ భేదము పట్టగల చెవి తెలుగు పిల్లలకు పుట్టుకతో సగము వచ్చినది. మిగిలిన సగము శ్రద్ధచేత రావలెను.

క్రొత్త పాటలన్నచో పెద్దలు మొగము చిట్లింతురు. నేను వారితో పూర్తిగా ఏకీభవింపను. వాద్యముల హోరులో మాట మునుగుట నిజమే. గాయకుని స్వరము జారినను యంత్రము సరిదిద్దుచున్నదనుటయు నిజమే. కాని 2023లో ఆస్కారు బహుమతి నందిన "నాటు నాటు" పాటను చూడుడు. కీరవాణిగారు బాణీ కట్టిన ఆ పాటలో చంద్రబోసుగారు మఱ్ఱిచెట్టు నీడను, జాతరను, జొన్నరొట్టెను, మిరపతొక్కును కూర్చిరి. ఆ పాటకు బెంగళూరులో గంతులు వేయని పిల్లవాడు లేడు. వారిలో తొక్కు అన ఏమో ఎరిగినవారెందరు? మన యిండ్లలో పచ్చడి యనుదానిని తెలంగాణమున తొక్కు అందురని ఆ పాట మూలముగా తెలిసికొన్న పిల్లవానికి, తాను చూడని పల్లెటూరొకటి దగ్గరైనది. క్రొత్త పాటలో నేర్చుకొనదగినది లేదనుట తగదు. అడుగువారు లేరనుట సబబు.

"సంగీతమునకు భాష లేదు, రాగము చాలును" అని వాదించువారు గలరు. రాగమునకు భాష లేదన్నమాట ఒప్పుకొందును. వీణపై తోడి మ్రోగినప్పుడు నిఘంటువు అక్కరలేదు. కాని కృతి రాగము మాత్రమే కాదు. త్యాగరాజస్వామి రాముని బ్రతిమాలును, నిష్ఠురములాడును, పరిహసించును, అలుగును. మాట తెలియని శ్రోతకు ఈ నాలుగును ఒక్క తీరుగనే వినబడవచ్చును. తెలుగు రానివారు రాగముతో తృప్తిపడుట న్యాయమే. పెరటిలో బావి యుంచుకొని దాహముతో కూర్చుండుట మనకు న్యాయమా?

మైసూరు వాసుదేవాచార్యులవారి (1865-1961) చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. ఆయన కన్నడదేశమున పుట్టి, తిరువయ్యారులో పట్నం సుబ్రహ్మణ్యయ్యరు గారికి శిష్యుడై, మైసూరు ఆస్థాన విద్వాంసుడైనవారు. తమ జ్ఞాపకములను కన్నడమున వ్రాసిరి. కృతులను మాత్రము ఎక్కువగా తెలుగు సంస్కృతములలో రచించిరి. ఖమాసు రాగములోని "బ్రోచేవారెవరురా" వారిదే. 1980లో విడుదలైన శంకరాభరణము చిత్రమున దానిని బాలసుబ్రహ్మణ్యముగారును, తమిళురాలైన వాణీజయరాంగారును పాడిరి. ఆ కృతి త్యాగరాజస్వామిదని భ్రమపడు తెలుగువారు నేటికిని కలరు. కన్నడిగుడొకడు మన భాషను ఇంతగా తనదిగా చేసికొన్నాడు. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాసుగారు కన్నడ చిత్రములలో రాజకుమారునకు గొంతుకయై ఆ ఋణమును కొంత తీర్చిరి. ఈ ఊరిలో రెండు భాషలును పోటీదారులు కావు, ఇచ్చిపుచ్చుకొను చుట్టములు. ఇచ్చుటకు మన చేత నేమైన ఉండవలెను గదా!

అందుచే విద్యార్థులకు నా సూచన యొకటి. వారమునకొక పాటను, పాతదో క్రొత్తదో, మీ కిష్టమైనదానిని ఎన్నుకొనుడు. ఫోనులో కనబడు ఇంగ్లీషు అక్షరములను చూడక, చెవితో విని తెలుగు లిపిలో వ్రాయుడు. ఇంగ్లీషు అక్షరములలో "కల"యు "కళ"యు ఒకటగును. "పది"యు "పడి"యు ఒకటగును. కన్నడ లిపిలో వ్రాసికొన్నను ఇంత నష్టము లేదు. అది మన లిపికి తోబుట్టువు. పిమ్మట అచ్చు పుస్తకముతో సరిచూచి, తెలియని మాటలను ఉపాధ్యాయుల నడుగుడు. ఏడాది తిరుగునప్పటికి ఏబది పాటలు, వందలకొలది మాటలు మీ సొంతమగును.

తలిదండ్రులకు మరియొకటి. అటుకమీది పెట్టెలలో పాత క్యాసెట్లు పడియున్న యిండ్లు కొన్ని కలవు. తాతగారు రేడియో ముందు కూర్చుండి పట్టినవి, పెండ్లి కచ్చేరిలో పట్టినవి, ఎచ్చటను అంగడిలో దొరకనివి. తేమకు ఆ నాడాలు బూజు పట్టుచున్నవి. వానిని పారవేయక నేటి పద్ధతిని ప్రతి యెత్తింపుడు. ప్రతిదానికిని పాడినవారి పేరు, చోటు, సంవత్సరము, రాగము, రచయిత పేరు తెలుగున వ్రాసి పెట్టుడు. పేరు లేని ముద్రణ చిరునామా లేని ఉత్తరము వంటిది. ఆ వివరములు చెప్పగల పెద్దలు ఇంట నుండగనే ఈ పని జరుగవలెను. పెట్టె మరి కొన్నాళ్లు ఓపిక పట్టవచ్చును గాని, వారి జ్ఞాపకము పట్టదు.