భూమే కదిలితే హద్దు ఎక్కడ?

పొలంగట్టు జరిపారని అన్నదమ్ములు తగవుపడటం మీలో కొందరైనా చూసే ఉంటారు. గట్టును మనిషి జరిపితే సర్వేయరు వచ్చి కొలిచి తేలుస్తాడు. మరి గట్టును భూమే జరిపితే?

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ ప్రజలకు ఈ చిక్కు నిజంగానే వచ్చింది. 2010 సెప్టెంబరు 4 తెల్లవారుజామున ఆ నగరానికి పడమరగా 7.1 పరిమాణం గల భూకంపం వచ్చింది. మైదానంలో సుమారు 30 కిలోమీటర్ల పొడవున నేల చీలి, తిన్నగా ఉన్న కంచెలు చీలిక దగ్గర తెగి, కొన్నిచోట్ల 4, 5 మీటర్లు పక్కకు జరిగాయి. అక్కడ భ్రంశం ఉన్నదని అంతవరకు ఎవరికీ తెలియదు. 2011 ఫిబ్రవరి 22న వచ్చినది పరిమాణంలో చిన్నదే, 6.2. కాని నగరానికి అతి చేరువలో, తక్కువ లోతులో పుట్టినందువల్ల 185 మంది మరణించారు.

కూలిన భవనాల సంగతి అందరికీ కనిపించింది. నేను చెప్పదలచినది వాటి కింది నేల సంగతి. ఏవన్ నది ఒడ్డు పేటలు నది తెచ్చిపోసిన సన్నని ఇసుక, ఒండ్రు మీద కట్టినవి. కొద్ది లోతులోనే నీరు పడుతుంది. ఒక వెడల్పాటి గిన్నెలో ఇసుకను నొక్కకుండా వదులుగా పోసి, ఇసుక మట్టం వరకు నీరు పోయండి. పైన చిన్న ఇటుకముక్కను నిలువుగా నిలబెట్టి, గిన్నెను పక్కనుండి టకటక తట్టండి. నీరు పైకి ఊరుతుంది. ఇటుకముక్క ఒరిగి కుంగుతుంది. మామూలుగా ఇసుక రేణువులు ఒకదానిపై ఒకటి ఆని బరువు మోస్తాయి. కుదుపుకు అవి దగ్గరగా సర్దుకోబోతాయి. కాని మధ్యనున్న నీరు అంత త్వరగా తప్పుకోలేదు. బరువు నీటిమీద పడుతుంది, రేణువుల పట్టు తప్పుతుంది, ఇసుక ద్రవంలా ప్రవర్తిస్తుంది. దీనినే నేల ద్రవీకరణం అంటారు. క్రైస్ట్‌చర్చ్ వీధులలోకి లక్షల టన్నుల బురద ఎగజిమ్మింది. పేటలకు పేటలే కుంగాయి, ఒడ్డున నేల పగిలి నదివైపు జారింది.

2011 జూన్‌లో ప్రభుత్వం నగరానికి రంగులు వేసింది. ఆకుపచ్చ అయితే మళ్లీ కట్టుకోవచ్చు. ఎరుపు అయితే ఆ నేలను ఇప్పట్లో బాగుచేయడం గిట్టుబాటు కాదని అర్థం. చివరకు సుమారు 8,000 ఇళ్లు ఎరుపులో పడ్డాయి. వాటిలో పెద్దగా దెబ్బతినని ఇళ్లూ ఉన్నాయి. “మా ఇల్లు బాగానే ఉందిగదా!” అన్న యజమాని బాధ నిజమే. అయినా పేట మొత్తాన్ని ఒకటిగా చూడటం నాకు సబబుగానే తోస్తుంది. నాలుగిళ్ల కోసం కుంగిన నేలలో రోడ్లు, మురుగు కాలువలు మళ్లీ వేయలేరు.

నాకు మింగుడుపడనిది తరువాతి లెక్క. ఇంటికి బీమా ఉన్నవారికి 2007 నాటి ప్రభుత్వ మదింపు ప్రకారం ధర ఇస్తామన్నారు. బీమా లేని ఇళ్లకు, ఖాళీ స్థలాలకు మాత్రం 2012లో నేల ధరలో సగమే ఇవ్వజూపారు. అప్పట్లో ఆ దేశంలో ఇంటికి బీమా చేస్తే భూకంప కమిషన్ రక్షణ నేలకూ వర్తించేది. ఇల్లే లేని ఖాళీ స్థలానికి అది దొరికేది కాదు. దొరకని బీమా ఎందుకు చేయలేదని అడగటమేమిటి? బీమా లేనివారికీ పూర్తి సొమ్ము ఇస్తే ఇక బీమా ఎవరు చేస్తారు అన్న ప్రభుత్వ వాదనలో కొంత బలముంది, కాదనను. కాని పేటను ఖాళీ చేయించాలన్న నిర్ణయం ప్రభుత్వానిది. అక్కడి నేల బలహీనమని బోర్లు వేసి తెలుసుకున్నారు. ‘సగం’ అనే అంకె మాత్రం ఏ బోరులోనూ దొరికినది కాదు. బాధితులు కోర్టుకు వెళ్లారు. 2015 మార్చిలో సుప్రీంకోర్టు ఆ సగం నిర్ణయం చట్టబద్ధం కాదని, మళ్లీ ఆలోచించమని చెప్పింది. తరువాత ప్రభుత్వం మొత్తాన్ని పెంచింది.

ఇక హద్దుల మాట. లోతున శిల కదిలితే దానితోపాటు హద్దూ కదిలినట్లే, పైమట్టి జారితే మాత్రం హద్దు పాతచోటే ఉన్నట్లు అనే పద్ధతి సర్వేయర్లలో ఉండేది. ఆ లెక్కన ఒకరి వంటగది గోడ పక్కవారి స్థలంలో తేలుతుంది! అందుచేత 2016లో చట్టం చేశారు: ఆ భూకంపాలకు నేల ఎటు కదిలితే హద్దూ అటే కదిలినట్లు. పక్కపక్కవాళ్లు ఎవరి గోడల మధ్య వారు ఉండగలిగారు. ఇది మంచి చట్టమని నా అభిప్రాయం.

ఇది మనకు దూరపు కథ అనుకోకండి. గోదావరి, కృష్ణా డెల్టాలూ ఒండ్రు నేలలే. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 పరిమాణం గల భూకంపం వచ్చింది. అంతెందుకు, మన భారత ఫలకం ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యంగా జరుగుతూనే ఉంది. మీ పొలమూ, పక్క పొలమూ కలిసి జరుగుతున్నాయి కాబట్టి తగవు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో హద్దులను ఉపగ్రహాల సాయంతో అంకెలలో నమోదు చేస్తున్నారు. నేల అంతా ఒకేలా కాక ముక్కముక్కగా కదిలిందనుకోండి, రాయి ఒకచోట, అంకె ఒకచోట ఉంటాయి. నేనైతే రాయిని నమ్ముతాను. అయితే ఒక చిక్కుంది. కొండచరియ విరిగి జారిన మట్టికి న్యూజిలాండ్ చట్టం వర్తించదు. ఎందుకు మినహాయించి ఉంటారు? తరగతిలో రెండు జట్లుగా చేరి వాదించి చూడండి.