కొన్న హీటరును వెనక్కి ఇమ్మంటే...

చలికాలంలో అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లు ఊరగాయలు, స్వెట్టర్లు, మందులు అన్నీ గుర్తుపెట్టుకుని సర్దుకుంటారు. అక్కడికి వెళ్లాక కాళ్ల దగ్గర పెట్టుకునే చిన్న హీటరు మంచిదా, కాదా అని మాత్రం ఎవరూ అడగరు. అడగాలి మరి!

అమ్మేసిన సరుకులో ప్రమాదకరమైన లోపం బయటపడిందనుకోండి. దాన్ని వాడొద్దని చెప్పి, బాగుచేసో, మార్చో ఇవ్వాలి. లేదంటే డబ్బు వాపసు చేయాలి. దీన్నే రీకాల్ అంటారు. అమెరికాలో ఈ వ్యవహారం చూసేది వినియోగ వస్తువుల భద్రతా కమిషన్.

వోర్నాడో అనే కంపెనీ ‘వీహెచ్101’ రకం చిన్న ఎలక్ట్రిక్ హీటర్లను 2018లో ఇలాగే రీకాల్ చేసింది. ఒకటా, రెండా, సుమారు మూడున్నర లక్షలు! విపరీతంగా వేడెక్కి అంటుకోవడం వాటి లోపం. 2017 డిసెంబరులో మిన్నెసోటా రాష్ట్రంలో ఈ హీటరుతో ముడిపడిన అగ్నిప్రమాదంలో 90 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. లోపం సంగతి కమిషన్‌కు వెంటనే చెప్పలేదన్న ఆరోపణపై ఆ కంపెనీ 2022లో 75 లక్షల డాలర్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది.

అసలు చిక్కు ఏమిటంటే, రీకాల్ ప్రకటించినంత మాత్రాన ఆ కబురు ప్రతి ఇంటికీ చేరదు. కొన్నప్పుడు వివరాలు నమోదు చేయించుకోనివాళ్లకు కంపెనీ ఎలా తెలియజేస్తుంది? ఇల్లు మారుతూ స్నేహితులు ఇచ్చి వెళ్లిన హీటరైతే ఇక చెప్పేదేముంది!

ఈమధ్య బల్లమీద అలంకారంగా పెట్టుకునే చిన్న అగ్గికుండలు వచ్చాయి. వాటిలో ఆల్కహాల్ పోసి వెలిగిస్తారు. మంట ఒక్కోసారి కంటికి కనిపించదు. ఆరిపోయిందనుకుని మళ్లీ ఇంధనం పోస్తే భగ్గున ఎగసి ఎదుటివాళ్ల మీదికి వస్తుంది. కోల్సెన్ కంపెనీవి సుమారు 89,500 ఇలాంటివి 2024 అక్టోబరులో రీకాల్ అయ్యాయి. అప్పటికే 19 మందికి కాలిన గాయాలు!

మరి మన దగ్గరో? 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఏర్పడ్డ కేంద్ర ప్రాధికార సంస్థకు రీకాల్ చేయించే అధికారం ఉంది. నాణ్యతా ప్రమాణాలకు తగినట్టు లేని 2,265 ప్రెషర్ కుక్కర్లు కొన్నవాళ్లకు కబురు చేసి, కుక్కర్లు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇమ్మని 2022 ఆగస్టులో అమెజాన్‌ను ఆదేశించింది కూడా. అంటే అడిగే హక్కు మనకూ ఉందన్నమాట.

ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి:

* హీటరు, గ్రిల్ అడుగున ఉండే మోడల్ నంబరు రాసిపెట్టుకోండి. అమెరికాలో అయితే కమిషన్ వెబ్‌సైట్‌లో అది రీకాల్ అయిందేమో పిల్లలచేత చూపించండి. అయిందని తేలితే ‘ఈ చలికాలం గడిస్తే చాలు’ అనుకోకుండా ఆ క్షణమే ప్లగ్గు పీకేయండి. ఇంకొకరికి దానం చేయొద్దు.

* ప్లగ్గును నేరుగా గోడ సాకెట్లోనే పెట్టండి. ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. పరదాలు, దుప్పట్లు, పరుపులు కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. నిద్రపోయేముందు ఆపేయండి.

* బొగ్గుల గ్రిల్‌ను, కుంపటిని గదిలో పెట్టొద్దు. కిటికీ తీసి ఉంచినా సరిపోదు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ, వాసనా ఉండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

* ఇక్కడ గీజరు, రూమ్ హీటరు, కుక్కరు ఏది కొన్నా ఐఎస్ఐ గుర్తు చూడండి. దానితోపాటు ఉండే లైసెన్సు నంబరు అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో తెలుస్తుంది. ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయొచ్చు. బిల్లు మాత్రం పారేయకండి!

ఈసారి పిల్లలతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ‘భోంచేశారా?’ అన్న తర్వాత, ‘హీటరు నంబరు చూశారా?’ అని కూడా అడగండి.