తాడు లాగితే తిట్టరు

"సాఫ్ట్‌వేరువాళ్ళకు ఫ్యాక్టరీలో ఏం పనండీ?" అని మా ఆవిడ అడిగింది. నిజమే! ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తయారుచేసిన వస్తువేదీ చేత్తో పట్టుకుని చూపించలేను. కానీ ఈ జనవరిలో ఒహాయోలో కారు విడిభాగాలు చేసే క్లయింటు దగ్గర చేరగానే, లైను మీద పనిచేసేవాళ్ళతో పాటు నన్నూ ఒక రోజు 'లీన్' శిక్షణలో కూర్చోబెట్టారు.

టొయోటాలో తైచీ ఓనో అనే ఇంజనీరు ఏళ్ళ తరబడి రూపుదిద్దిన పద్ధతికి 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే ఆయన ఒక వ్యాసంలో పెట్టిన పేరది. బక్కపలచన అన్నమాట. ఓనో ఏడు రకాల వృథాలు లెక్కపెట్టి, అవసరానికి మించి తయారుచేయడం అన్నిటికన్నా చెడ్డదన్నాడు. పాపం, మన పాట్‌లక్ భోజనాలు ఆయన చూడలేదు.

ఉపన్యాసం కంటే నాకు ఆట బాగా ఎక్కింది. మీరూ పిల్లలతో ఆడి చూడండి. నలుగురు వరసగా కూర్చోవాలి, ఇరవై పెన్నీలు చాలు. మొదటివారు ఇరవైనీ ఒక్కొక్కటిగా తిరగేసి, మొత్తం కుప్పను పక్కవారికి జరపాలి. అలా చివరిదాకా. నాణేనికి ఒక సెకను చొప్పున 80 సెకన్లకు గానీ ఒక్క పెన్నీ కూడా బయటికి రాదు. ఈసారి తిరగేసిన ప్రతి పెన్నీనీ వెంటనే జరిపేయండి. మొదటిది 4 సెకన్లకే వస్తుంది, ఆఖరిది 23 సెకన్లకు. ఎవరి చెయ్యీ వేగం పెరగలేదు. ఇందాక ఒకరు తిప్పుతుంటే ముగ్గురు చేతులు ముడుచుకుని కూర్చున్నారు, అంతే.

నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం తాడు. సకిచి టొయోడా 1924లో తెచ్చిన మగ్గం, నూలుపోగు తెగితే తనంతట తానే ఆగిపోయేది. (మా తాతయ్య మగ్గం గుంటలో కూర్చుని పోగు తెగినప్పుడల్లా ఆగి అతికేవాడు. నేత కదా, చూడకుండా ముందుకెళితే ఆ లోటు బట్టలో ఉండిపోతుంది.) ఆ ఆలోచనే కార్ల లైనులోకి వచ్చింది. లోపం కనబడితే పనివాడు తాడు లాగుతాడు, దీపం వెలుగుతుంది, టీము లీడరు పరుగున వస్తాడు. కారు ఆ స్థానం దాటేలోగా సరిచేయలేకపోతే లైను ఆగిపోతుంది.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ చెయ్యెత్తింది. "లాగినవాళ్ళ పేరు రాసుకుంటారా?"

"ముందు థాంక్స్ చెప్పాలి. తరువాత 'ఎవరు' అని కాదు, 'ఎందుకు' అని ఐదుసార్లు అడగాలి" అన్నాడు శిక్షణ ఇచ్చేవాడు. ఆవిడ నమ్మినట్టు కనబడలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెన్నీల ఆట ఆడి, తాడు సంగతి కూడా చెప్పాను. ఏడో క్లాసు చదువుతున్న మా అమ్మాయి కాసేపు ఊరుకుని, "నాన్నా, మనింట్లో లాగినా తిట్టవా?" అంది. గదిలోకెళ్ళి ఒక కాగితం తెచ్చింది. లెక్కల పరీక్ష, వందకి 41. తేదీ చూస్తే మూడు వారాల కిందటిది!

నోటిదాకా వచ్చిన మాట మింగి, "ఎందుకు తగ్గాయమ్మా?" అన్నాను.

"భిన్నాలు అర్థం కాలేదు."

"ఎందుకు?"

"ఈ స్కూల్లో నేను రాకముందే ఆ చాప్టరు అయిపోయింది. పాత స్కూల్లో ఇంకా మొదలెట్టలేదు."

మూడో 'ఎందుకు' అడగలేదు. ఏడాది మధ్యలో ఊరు మారింది నా ప్రాజెక్టు కోసమే.

ఆలస్యంగానే థాంక్స్ చెప్పాను. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఇద్దరం ఆ చాప్టరు ముందేసుకుని కూర్చుంటున్నాం. సగం అయింది.