పాత యంత్ర రంపం: చవక బేరమా, చేజేతులా తెచ్చుకునే ప్రమాదమా?

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో చెట్టు కోసే పనిముట్టు అవసరం తుఫానుతో ముడిపడి ఉంటుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన, 1990 మే నెలలో మచిలీపట్నం తీరాన్ని కుదిపిన పెనుతుఫాను ఈ ప్రాంతం మరువలేనివి. గాలివాన వెలిసిన మరునాడు దారులకు, పంట కాలువలకు, ఇళ్లకు అడ్డుపడిన కొబ్బరి, వేప, తుమ్మ, సరుగుడు మానులను తొలగించడమే మొదటి పని. గొడ్డలితో పూటంతా పట్టే ఆ పనిని యంత్ర రంపం కొద్ది నిమిషాల్లో ముగిస్తుంది. అందువల్ల పాత రంపం తక్కువ ధరకు బేరానికి వస్తే రైతు మనసు దానివైపు మొగ్గడం సహజం. అయితే ధర ఒక్కటే చూసి ఈ నిర్ణయం తీసుకోరాదు.

పాతదైనంత మాత్రాన యంత్రం పనికిమాలినది కాదు. పాత రంపాల్లో విడిభాగాలు తక్కువ, విప్పి బిగించడం తేలిక. టూ-స్ట్రోక్ ఇంజను తెలిసిన మెకానిక్ వాటిని బాగుచేయగలడు. ఇంజను స్థితిని కొనేవారు స్వయంగా అంచనా వేయవచ్చు. ఇంజను ఆపి ఉండగా స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదీసినప్పుడు అది ఆగి ఆగి మెల్లగా దిగితే కంప్రెషన్ నిలిచి ఉన్నట్లు భావించవచ్చు. ఒక్కసారిగా జారిపోతే రింగులో సిలిండరో అరిగి ఉండవచ్చు. సైలెన్సర్ విప్పి చూస్తే పిస్టన్ మీది నిలువు గీతలు కనబడతాయి. అటువంటి ఇంజనును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోరాదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కిన తరువాత మరొకసారి స్టార్ట్ చేయించి చూడాలి. నెమ్మదిగా తిరుగుతున్న ఇంజనుపై గొలుసు కదలకూడదు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులు రెండున్నాయి. మొదటిది ఉప్పుగాలి. అనేక రంపాల ఇంజను పెట్టెను తేలికగా ఉండేందుకు మెగ్నీషియం మిశ్రమ లోహంతో పోస్తారు. రంగు ఊడిన చోట ఉప్పు తగిలితే ఆ లోహం త్వరగా తినివేతకు గురవుతుంది. నాగాయలంక, కోడూరు వంటి తీర మండలాల్లో వాడిన రంపాన్ని ఈ దృష్టితో ప్రత్యేకంగా పరిశీలించాలి. రెండవది ఇంధనం. 2025 నాటికి దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 20 శాతానికి చేరింది. పాత రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్‌లోని పలుచని పొరలు దీనికి తట్టుకునేలా చేసినవి కావు. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తుఫాను కోసమని నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు ఉంచి దాచిన రంపం, తీరా అవసరమైన రోజున స్టార్ట్ కాకపోవచ్చు. కనుక గొట్టాలు, పొరలు మార్చే ఖర్చును కొనుగోలు ధరకు కలిపి చూడాలి. బార్, గొలుసు కొలతలకు సరిపడే కొత్త గొలుసు సమీప పట్టణంలో దొరుకుతుందో లేదో ముందే విచారించాలి. గొలుసు దొరకని రంపం ఇనుప ముక్కతో సమానం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణభద్రత. బార్ కొన పైభాగం కొమ్మకు తగిలినప్పుడు రంపం రెప్పపాటులో మనిషి ముఖం వైపు ఎగురుతుంది. ఆ క్షణంలో గొలుసును ఆపే చైన్ బ్రేక్ 1970ల తొలినాళ్లలో గానీ వాడుకలోకి రాలేదు. అంతకు ముందటి రంపాలలో ఆ రక్షణ లేదు. కంపనాన్ని తగ్గించే ఏర్పాటు లేని పాత రంపాన్ని దీర్ఘకాలం వాడితే చేతివేళ్ల నరాలు, రక్తప్రసరణ దెబ్బతింటాయి. తుఫానుకు కూలిన మాను ఒకదానిపై ఒకటి పడి, వంగి, బిగుసుకొని ఉంటుంది. కోత పడగానే అది ఎటు విదిలిస్తుందో అనుభవజ్ఞులకే అంతుపట్టదు. అటువంటి పనికి, ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రమే రంపం పట్టే వ్యక్తి చేతికి, బ్రేకు లేని యంత్రాన్ని అందించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

కాబట్టి చైన్ బ్రేక్ సక్రమంగా పనిచేస్తూ, విడిభాగాలు దొరుకుతూ, మరమ్మతు ఖర్చుతో కలిపి కొత్తదాని ధరలో సగం మించని పాత రంపమే కొనదగినది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా దానిని వదులుకోవడమే వివేకం. సరుగుడు తోటలున్న రైతుకు సొంత రంపం ఏటా పని చూపుతుంది. గుడివాడ పరిసరాల్లో వరి, చేపల చెరువులే ఆధారమైన రైతుకు ఆ అవసరం అరుదు. అటువంటివారు గ్రామానికి ఒకటి చొప్పున ఉమ్మడిగా కొత్త రంపం కొని, ఇద్దరు ముగ్గురు యువకులకు శిక్షణ ఇప్పించి, హెల్మెట్, కంటి అద్దాలు, కాళ్ల రక్షణ కవచాలతో సహా సిద్ధంగా ఉంచుకోవడం మేలు. తుఫాను మిగిల్చిన ప్రాణాలను, ఆ తరువాతి పనిలో పోగొట్టుకోరాదు.